నీళ్ళు దిగిన దారిలో ఆర్ల్: సైకిల్ మీద ఒక రోమన్ నగరం

ఫ్రాన్స్‌లోని ఆర్ల్ వెళ్ళినవాళ్ళు మామూలుగా రైలు దిగి నేరుగా రోమన్ల నాటి ఆటల ప్రాంగణం అరీనాకు నడుస్తారు. స్టేషన్ నుంచి అది దగ్గరే. మేం దాన్ని మధ్యాహ్నానికి వాయిదా వేశాం. పొద్దున్నే సైకిళ్ళు తీసుకుని, ఊరు వదిలి పది పన్నెండు కిలోమీటర్లు పొలాల్లోకి, బార్బెగాల్ అనే చోటికి వెళ్ళాం. రోమన్ల కాలంలో ఆర్ల్‌కు మంచినీళ్ళు అటునుంచే వచ్చేవి. ఆ నీళ్ళు వచ్చిన వైపు నుంచే ఊళ్ళోకి తిరిగొచ్చి, ఊరి నెత్తి మీద నుంచి నది దాకా వాటితో పాటే దిగాం. ఆర్ల్‌ని చూడడానికి ఇంతకంటే మంచి వరస లేదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఉద్యోగరీత్యా గ్రెనోబుల్‌లో ఉంటాను. మా తమ్ముడు మోంపెలియేలో చదువుకుంటున్నాడు. ఇద్దరికీ రైల్లో అందే ఊరు ఆర్ల్. దక్షిణ ఫ్రాన్స్‌లో రోన్ నది సముద్రంలో కలిసే ముందు రెండు పాయలుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గరే ఈ ఊరు. రెండు పాయల మధ్య ఉన్న కమార్గ్ డెల్టాలో వరి పండిస్తారు, ఉప్పు తీస్తారు, అడవి ఎద్దులనూ తెల్ల గుర్రాలనూ పెంచుతారు. సముద్రంలోంచి వచ్చిన సరుకు నదిలోకి ఎక్కాలన్నా, నదిలోంచి వచ్చినది సముద్రంలోకి దిగాలన్నా ఆర్ల్ దాటాల్సిందే. రోమన్ సేనాని జూలియస్ సీజర్‌కు ఆ సంగతి బాగా తెలుసు. క్రీ.పూ. 49లో మార్సెయ్ నగరం మీద యుద్ధానికి ఆయన ఆర్ల్‌లో 12 యుద్ధ నౌకలు కట్టించాడు. కలప నరికిన నాటి నుంచి 30 రోజుల్లో నౌకలు సిద్ధమయ్యాయని ఆయనే రాసుకున్నాడు. మూడేళ్ళ తర్వాత, క్రీ.పూ. 46లో, తన ఆరో దళంలో పనిచేసి విరమించిన సైనికులకు ఇక్కడ భూములిచ్చి ఊరిని రోమన్ కాలనీగా మార్చారు. అలా మొదలైన నగరంలో మిగిలిన కట్టడాలకు 1981లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది.

సైకిల్ అద్దెకు తీసుకోవడం కష్టమేమీ కాదు. ఐడీ చూపించాలి. డిపాజిట్ కింద బ్యాంకు కార్డు మీద కొంత మొత్తం బ్లాక్ చేస్తారు, సైకిల్ తిరిగి ఇవ్వగానే వదిలేస్తారు. తమ్ముడు బ్యాటరీ సైకిల్ తీసుకుందామన్నాడు. నేను వద్దన్నాను. నేల ఎటు వాలి ఉందో కాళ్ళకు తెలియడమే ఆ రోజు మాకు కావాల్సింది. మోటారు ఉంటే అది తెలియదు. షాపతనికి మా దారి చెబితే సన్న టైర్ల సైకిళ్ళు పక్కన పెట్టి, కాస్త వెడల్పు టైర్లున్నవి ఇచ్చాడు. ఆర్ల్ పాత సందుల్లో గులకరాళ్ళు పరిచి ఉంటాయి, బార్బెగాల్ దగ్గర మట్టి బాట. సన్న టైర్లతో రెండు చోట్లా నడుము పట్టేస్తుంది. పంపు, పంక్చర్ కిట్, మందపాటి ఇనుప తాళం అడిగి తీసుకోండి. సీటు ఎత్తు అక్కడే సరిచేయించుకోండి. ఫ్రాన్స్‌లో హెల్మెట్ 12 ఏళ్ళ లోపు పిల్లలకే తప్పనిసరి, 2017 నుంచి ఆ నియమం ఉంది. అయినా మేం పెట్టుకున్నాం, ఊరి బయట కార్లు చాలా వేగంగా వస్తాయి. ఇంకో మాట. ఎర్రటి ప్రవేశ నిషేధం బోర్డు కింద సైకిల్ బొమ్మతో చిన్న పలక ఉంటే, ఆ వన్ వేలో సైకిళ్ళు ఎదురు వెళ్ళవచ్చని అర్థం. పాత ఊళ్ళో ఇలాంటివి కనిపిస్తాయి. అవి చూసుకుంటూ పోతే చాలా చుట్టు తిరుగుడు తప్పుతుంది.

మేం వెళ్ళింది ఏప్రిల్‌లో. ఎండ హాయిగా ఉంది, గాలి మాత్రం గట్టిగా ఉంది. రోన్ లోయ వెంట ఉత్తరం నుంచి వీచే ఈ గాలిని మిస్త్రాల్ అంటారు. ఈ ప్రాంతంలో పాత ఇళ్ళకు ఉత్తరం వైపు కిటికీలు తక్కువ. పొలాల గట్ల మీద సైప్రస్ చెట్లను గోడలా వరసగా నాటుతారు. రెండూ ఈ గాలి కోసమే. మా దారి ఈశాన్యానికి, అందుకని గాలి ఎడమ పక్క నుంచి తోస్తోంది. చెట్ల వరస ఉన్నంతసేపు ఏమీ తెలియదు. వరస తెగిన చోట హ్యాండిల్ ఒక్కసారి పక్కకు లాగేది. తమ్ముడు ముందు తొక్కుతూ ప్రతి ఖాళీ దగ్గరా "అక్కా, గట్టిగా పట్టుకో" అని అరిచేవాడు. ఎదురుగాలి కంటే పక్కగాలి ప్రమాదం. లారీ మనల్ని దాటుతున్నప్పుడు గాలి ఆగి, అది దాటగానే మళ్ళీ కొడుతుంది. ఆ రోడ్డు మీద రద్దీ ఉంటుంది కాబట్టి అంచున, ఒకరి వెనక ఒకరం వెళ్ళాం.

నాలుగైదు కిలోమీటర్ల తర్వాత నేలలోంచి పొడుచుకొచ్చిన బండ మీద మోంమజూర్ మఠం కనిపిస్తుంది. పదో శతాబ్దంలో మొదలైన మఠం. మేం లోపలికి వెళ్ళలేదు. కానీ దాని కింద సైకిళ్ళు ఆపి చుట్టూ చూడడం మాత్రం చాలా అవసరం. ఆ బండ ఒకప్పుడు ద్వీపం. చుట్టూ కనిపించే బల్లపరుపు పొలాలన్నీ చిత్తడి నేల. పదిహేడో శతాబ్దంలో ఒక డచ్ ఇంజనీరు కాలువలు తవ్వించి నీళ్ళు తోడించేవరకూ ఇక్కడ పడవల్లోనే తిరిగేవారు. రోమన్ల కాలంలో ఇలాంటి లోతులేని నీళ్ళలో సరుకు చేరవేసేవాళ్ళకు ఆర్ల్‌లో ఒక సంఘమే ఉండేది, వాళ్ళ పేరున్న శాసనాలు దొరికాయి. గాలి ఊదిన తోలు తిత్తుల మీద తెప్పలు కట్టి నడిపేవాళ్ళని పండితుల్లో చాలామంది అభిప్రాయం. అప్పటిదాకా మేం తొక్కిన రోడ్డంతా ఒకప్పుడు నీళ్ళ కింద ఉన్నదే. కాబట్టే నాలుగైదు కిలోమీటర్లలో ఒక్కసారి కూడా గేరు మార్చాల్సిన పని పడలేదు.

ఫోంవియెయ్ గ్రామం పొలిమేరలో కుడికి తిరిగితే చిన్న రోడ్డు. వాహనాలు ఇంచుమించు లేవు. ఆలివ్ తోటలు, పైన్ చెట్లు, తెల్లటి సున్నపురాయి. కొంతసేపటికి రోడ్డుకు రెండు పక్కలా ఒక్కసారిగా విరిగిన రాతి కమానులు వస్తాయి. టికెట్ లేదు, గేటు లేదు. ఒక బోర్డు, మట్టి జాగాలో నాలుగు కార్లు. రెండువేల ఏళ్ళ నాటి నీటి వంతెన మధ్యలోంచే తారు రోడ్డు పోతుంది. సైకిళ్ళను చెట్టుకు కట్టి తాళం వేసి నడిచాం.

జాగ్రత్తగా చూస్తే అవి ఒక వరస కమానులు కావు, పక్కపక్కనే రెండు వరసలు. ఈ సంగతి బోధపడడానికి మాకు కొంత టైం పట్టింది. అల్పియ్ కొండల ఊటలను పట్టి తెచ్చిన రెండు కాలువలు ఇక్కడ జంటగా లోయ దాటేవి. లోయ దాటాక ఒకటి పడమటికి మళ్ళి ఆర్ల్ నగరానికి పోయేది. రెండోది తిన్నగా ముందుకు వెళ్ళేది. తిన్నగా అంటే ఎక్కడికి? ఎదురుగా రాతి గుట్ట అడ్డం. ఆ గుట్టను నిలువునా కోశారు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత కోత. రెండు పక్కలా గోడల మీద ఉలి దెబ్బలు చేతికి తగులుతాయి. ఏటవాలుగా, ఒకే దిశలో, వేలెడంత దూరంలో ఒకదాని కింద ఒకటి. రాయి కొట్టినవాడు ఏ చేతివాటం మనిషో చెప్పేయవచ్చు అన్నంత స్పష్టంగా ఉన్నాయి. నేను ఆ గోడ మీద చెయ్యి వేసి నడుస్తూ వెళ్ళాను.

కోత దాటగానే కాళ్ళ కింద నేల దిగిపోతుంది. దాదాపు 20 మీటర్ల కింద లోయ, ఆలివ్ తోటలు, దూరంగా కాలువ. మనం నిలబడ్డ అంచు నుంచి ఆ వాలు మీదుగా మెట్లు మెట్లుగా శిథిల గోడలు. ఇది పిండి మర. మామూలు మర కాదు. వచ్చిన నీళ్ళు ఇక్కడ రెండుగా చీలి, ఒక్కో వరసలో ఎనిమిదేసి చొప్పున మొత్తం 16 చక్రాలను తిప్పుతూ కిందికి దిగేవి. పై చక్రం మీద పడిన నీరు దాన్ని తిప్పి జారి, దాని కింద చక్రం మీద పడాలి, అక్కడి నుంచి ఆ కింద దాని మీద. ప్రతి చక్రానికీ పక్కన ఒక గది, గదిలో తిరగలి రాళ్ళు. నడుమ మెట్లదారి మీద మనుషులు గోధుమలు, పిండి మోసుకుంటూ ఎక్కుతూ దిగుతూ ఉండేవాళ్ళు. మోటారు లేని కాలంలో ఒక కొండ వాలునంతా యంత్రంగా మార్చేశారు.

తమ్ముడు కింది దాకా దిగి, పైకి చూసి, "అక్కా, ఇన్ని నీళ్ళు ఇక్కడ పడాలంటే పైన ఎక్కడా చుక్క ఎత్తు వృథా కాకూడదు కదా" అన్నాడు. సివిల్ ఇంజనీరింగ్ చదివినవాడు, వాడికి వెంటనే తట్టింది. కాలువను కొండల నుంచి ఇక్కడి దాకా వీలైనంత తక్కువ వాలుతో నడిపించి, దాచుకున్న ఎత్తునంతా ఈ ఒక్క చోట ఖర్చు పెట్టారు. మేం వచ్చిన దారిలో నేల సమంగానే ఉంది అనుకున్నాం. నిజానికి ఆ సమంలోనే ఇంజనీరు పనితనమంతా ఉంది.

ఈ మర గురించి ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. 1930ల చివర్లో ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు ఇది నాలుగో శతాబ్దపు కట్టడం అనుకున్నారు. రోమన్ సామ్రాజ్యం చివరి రోజుల్లో బానిసలు దొరక్క యంత్రాలు కట్టుకున్నారని ఒక కథ కూడా అల్లారు. తర్వాతి పరిశోధనల్లో ఇది రెండో శతాబ్దానిదని తేలింది. సామ్రాజ్యం మంచి ఊపులో ఉన్న రోజులవి. యంత్రం కట్టింది లేమివల్ల కాదు, అవసరం పెద్దది కావడం వల్ల. ఇంకా ఆసక్తికరమైన విషయం సున్నం చెప్పింది. ఈ నీళ్ళలో సున్నం ఎక్కువ. చక్రాల మీదా చెక్క దోనెల మీదా అది పొరలు పొరలుగా పేరుకునేది. చెక్క ఎప్పుడో కుళ్ళిపోయింది, సున్నపు పెంకులు మాత్రం మిగిలాయి. వాటి లోపలి వైపు చెక్క గీతలు అచ్చు పడి ఉన్నాయి. ఆర్ల్ మ్యూజియంలో భద్రపరిచిన ఆ పెంకుల ముక్కలను మైన్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పొర పొరగా చదివి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఏటా వేసవి చివర, శరదృతువులో మర కొన్ని నెలలు ఆగేదని ఆ పొరల్లో తెలిసింది. ఊళ్ళో జనానికి రోజూ రొట్టె కోసమైతే మర ఏడాది పొడుగునా తిరగాలి. ఇది ఆగేదంటే బహుశా ఓడల కోసం, ఎక్కువ కాలం నిలవ ఉండే గట్టి రొట్టె తయారీకి వాడిన పిండి అయ్యుంటుందని వాళ్ళ ఊహ. చలికాలానికి ముందే సముద్ర ప్రయాణాలు ఆగిపోయేవి, మర కూడా ఆగేది. ఊహే అయినా నాకు బాగా నచ్చింది. ఎందుకంటే ఈ కొండ మీద పడిన నీటిని ఆర్ల్ ఓడరేవుతో కలిపే తాడు అదే.

కోత దగ్గర రాతి అంచు మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. కమార్గ్ బియ్యంతో చేసినదే, పొట్టి గింజ, మన సోనా మసూరిలా పొడిపొడిగా రాదు. కానీ చింతపండు బాగా పట్టింది. మేం ఉన్నంతసేపూ మరో ఆరేడుగురు వచ్చి ఉంటారేమో. రోమన్ ప్రపంచంలో నీటి యంత్రాలకు ఇంతకు మించిన నిలువెత్తు సాక్ష్యం అరుదు. అలాంటి చోట ఇంత ఖాళీ ఉండడం మాకు అదృష్టం, దానికి మాత్రం అన్యాయం.

తిరుగు ప్రయాణం వచ్చిన దారిన కాకుండా దక్షిణంగా, క్రో మైదానం అంచున. గాలి ఇప్పుడు వెనక పక్క. క్రో అంటే గులకరాళ్ళ ఎండు మైదానం. పదహారో శతాబ్దంలో ఆడం ద క్రపాన్ అనే ఇంజనీరు తవ్వించిన కాలువతో దాంట్లో కొంత భాగం పచ్చబడింది. ఇప్పుడు అక్కడ పండే ఎండుగడ్డికి మన బంగినపల్లి మామిడికి ఉన్నట్టు ఊరి పేరుతో అధికారిక గుర్తింపు ఉంది. పోం ద క్రో అనే శివారు మీదుగా ఊళ్ళోకి వచ్చాం. రోమన్ కాలువా ఈ వైపు నుంచే వచ్చింది, తర్వాతి తరాలవాళ్ళూ నీళ్ళను ఈ వైపు నుంచే తెచ్చుకున్నారు. నేల వాలు మారదు కదా.

ఊళ్ళోకి వచ్చే ముందు అలిస్కాం అనే పాత శ్మశానం దగ్గర కాసేపు ఆగాం. రోమన్లు చచ్చినవాళ్ళను ఊరి గోడల లోపల పెట్టరు, ఊళ్ళోకి వచ్చే రహదారి పక్కన పెడతారు. పెద్ద చెట్ల మధ్య బాట, బాటకు రెండు పక్కలా ఖాళీ రాతి పెట్టెలు. 1888లో వాన్ గో, గొగాన్ ఇద్దరూ ఇక్కడ కూర్చుని బొమ్మలు వేశారు.

ఇక ఊరు. ఆర్ల్ పాత నగరం చిన్న సున్నపురాతి దిబ్బ మీద ఉంది. మేం తూర్పు వైపు నుంచి, కోటగోడ పక్కగా వచ్చాం. అక్కడే తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ పేరున్న ద్వారం శిథిలాలు. ఆ చివరి ఎక్కుడు ఒక్కటే ఆ రోజు మొత్తానికి మమ్మల్ని పెడల్ మీద లేచి నిలబడేలా చేసింది. ఎక్కి నిలబడ్డాక అర్థమైంది. ఇది నగరంలోకెల్లా ఎత్తైన కొస. కాలువ నీళ్ళు ఊళ్ళోకి చేరింది ఈ వైపే. పైన చేరిన నీళ్ళను అక్కడి నుంచి వీధులకు, ఫౌంటెన్లకు, స్నానశాలలకు వదిలితే వాటంతట అవే దిగుతాయి. బార్బెగాల్ దగ్గర ఎత్తును మర కోసం ఖర్చు పెట్టిన ఇంజనీర్లే, పక్క కాలువలో మాత్రం ఎత్తును ఊరి నెత్తి దాకా కాపాడుకుంటూ వచ్చారు. రెండు కాలువలు విడిపోయిన చోటు పొద్దున చూసి ఉన్నాం కాబట్టి ఇది కళ్ళకు కట్టినట్టు కనిపించింది. అరీనాతో మొదలుపెట్టినవాళ్ళకు ఈ లెక్క దొరకదు.

అక్కడి నుంచి అరీనా దగ్గరే. గులకరాళ్ళ సందులు కాబట్టి సైకిళ్ళు దిగి నడిపించాం, అక్కడ తొక్కడం చక్రాలకూ మంచిది కాదు. క్రీ.శ. 90 ప్రాంతంలో కట్టిన అరీనా, పొడవు 136 మీటర్లు, రెండంతస్తులు, ఒక్కో అంతస్తుకు 60 కమానులు. ఇరవై వేల మంది పట్టేవాళ్ళు. బయట కటకటాలకు సైకిళ్ళు కట్టి లోపలికి వెళ్ళాం. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది దాని మధ్యయుగం కథ. సామ్రాజ్యం పోయాక జనం రక్షణ కోసం దీంట్లోకి చేరారు. కమానులు మూసేసి, నాలుగు బురుజులు లేపి, లోపల రెండు వందలకు పైగా ఇళ్ళు, రెండు చర్చిలు కట్టుకున్నారు. ఆ ఊరంతా 1825 నుంచి ఖాళీ చేయించాకే అరీనా బయటపడింది. బురుజుల్లో మూడు ఇంకా ఉన్నాయి, ఒకటి ఎక్కవచ్చు. పైనుంచి చూస్తే ఎర్ర పెంకుల కప్పులు, వాటి వెనక రోన్ నది, ఈశాన్యంగా తెల్లటి అల్పియ్ కొండలు. పొద్దున్నుంచి తొక్కిన దారంతా ఒక్క చూపులో వస్తుంది. కట్టడం ఇప్పటికీ వాడకంలో ఉంది, ఎద్దుల పోటీలు జరుగుతాయి. సెప్టెంబర్‌లో జరిగే ఉత్సవం పేరే వరి పండుగ. కమార్గ్ పద్ధతి పోటీల్లో ఎద్దును చంపరు, దాని కొమ్ముల మధ్య కట్టిన కుచ్చును లాక్కోవడమే ఆట. స్పెయిన్ పద్ధతి పోటీల్లో చంపుతారు. అది నాకు మింగుడుపడలేదు.

పక్కనే రంగశాల. అగస్టస్ కాలంది, అరీనా కంటే ముందుది. ఇక్కడ మిగిలినవి తక్కువ, ఐదో శతాబ్దం నుంచీ చర్చిలు కట్టడానికి దీని రాళ్ళే ఎత్తుకుపోయారు. వేదిక వెనక గోడకు ఉండిన వంద దాకా స్తంభాల్లో రెండే నిటారుగా నిలిచాయి. ఊళ్ళోవాళ్ళు వాటిని ఇద్దరు వితంతువులు అంటారు. 1651లో ఇక్కడి మట్టిలో దొరికిన వీనస్ విగ్రహాన్ని తర్వాత పద్నాలుగో లూయీ రాజుకు కానుకగా పంపించారు, ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. తమ్ముడు వేదిక మధ్య నిలబడి మామూలు గొంతుతో మాట్లాడాడు. నేను పై వరసలో కూర్చుని విన్నాను. మాట పొల్లుపోకుండా వినిపించింది. "అనుపులో చేశాం గుర్తుందా అక్కా" అన్నాడు. నాగార్జునకొండలో బయటపడ్డ ఇక్ష్వాకుల కాలపు రంగస్థలాన్ని సాగర్ నీళ్ళలో మునిగిపోకుండా అనుపులో మళ్ళీ కట్టారు. చిన్నప్పుడు మా నాన్న మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి ఇలాగే మెట్ల మీద కూర్చోబెట్టి కింద నుంచి మాట్లాడేవారు. మూడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డునా, రోన్ ఒడ్డునా జనం ఒకేలాంటి మెట్ల మీద కూర్చున్నారన్నమాట.

ఇంకా కిందికి. రిపబ్లిక్ చౌకులో ఒక గ్రానైట్ స్తంభం నిలబడి ఉంటుంది. అది నిజానికి నది పక్కన ఉన్న రోమన్ రథాల పందేల మైదానానిది, 1676లో ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. ఆ చౌకులోనే ఉన్న మునిసిపాలిటీ భవనంలోంచి నేలమాళిగలోకి మెట్లు. ఈ నేలమాళిగ అందరూ పది నిమిషాల్లో చూసి పైకి వచ్చేసే చోటు. మేం చాలాసేపు ఉన్నాం. ఫోరం, అంటే నగర కూడలి, బల్లపరుపుగా ఉండాలి. కానీ ఇక్కడ దిబ్బ నదివైపుకు వాలి ఉంది. ఆ వాలును పూడ్చడానికి మట్టి పోయకుండా, జంట కమానుల సొరంగాలను మూడు వైపులా కట్టి వాటి మీద కూడలి నిలబెట్టారు. లోపల చెమ్మ, చల్లదనం, రాతి మీద అక్కడక్కడ నీటి బొట్లు. పైన ఎండలో మామూలుగా నడిచేవాళ్ళ పాదాల కింద ఇంత కట్టడం ఉందని ఎవరికీ తెలియదు. అక్కడి నుంచి రెండు సందులు దాటితే ఇప్పటి ఫోరం చౌకు. హోటల్ గోడలో రెండు రోమన్ స్తంభాలు, వాటి మీద గుడి ముఖభాగం ముక్క అలాగే ఇరుక్కుని ఉన్నాయి.

దిబ్బ కింద, నది పక్కనే కాన్‌స్టాంటిన్ స్నానశాల. నాలుగో శతాబ్దం. ఇటుక ఒక వరస, తెల్లరాయి ఒక వరసగా కట్టిన అర్ధచంద్రాకారపు గోడ. నేల కింద వేడి గాలి తిరగడానికి వదిలిన ఖాళీలు కనిపిస్తాయి. కొండల్లో ఊటగా మొదలైన నీళ్ళు బార్బెగాల్ లోయ దాటి, దిబ్బ ఎక్కి, ఇక్కడ వేడెక్కి, చివరికి పక్కనున్న రోన్‌లోకి. మేం ఎక్కడా బ్రేకు గట్టిగా నొక్కకుండా దిగి వచ్చాం.

నది కట్ట మీద గాలికి ఎవరూ లేరు. కట్ట వెంట తొక్కుకుంటూ పోతే ఊరి పడమటి అంచున నీలి గోడల మ్యూజియం. 1995లో తెరిచారు. దాని పక్కనే రథాల మైదానం పునాదులు. 149 ప్రాంతంలో, మెత్తటి నేల కాబట్టి వేలకొద్దీ చెక్క గుంజలు దిగ్గొట్టి వాటి మీద కట్టారు. ఆ గుంజల చెక్క వలయాలను బట్టే కట్టిన ఏడాది తెలిసింది. లోపల సైకిల్ ప్రయాణానికి తగిన ముగింపు ఉంది. 2004లో రోన్ అడుగున దొరికి, 2011లో పది ముక్కలుగా పైకి తీసిన సరుకు పడవ. పొడవు 31 మీటర్లు. తడిసిన చెక్కను ఆరబెడితే ముడుచుకుపోయి తునకలవుతుంది, అందుకని దాన్ని మా గ్రెనోబుల్‌లోని ప్రయోగశాలకే పంపారు. పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనంలో నానబెట్టి, గడ్డకట్టించి, ఆ మంచును ఆవిరిగా లాగేసి ఎండబెట్టారు. 2013 నుంచి ఇక్కడ ప్రదర్శనలో ఉంది.

పడవ చుట్టూ తిరగడానికి చోటుంది. పొట్టలో మునిగిననాడు మోస్తున్న రాళ్ళు. అడుగు చదును, ఎందుకంటే లోతు తక్కువ నీళ్ళలో పోవాలి. దాని మీద తెరచాప గుంజలా కనిపించే పొట్టి గుంజ ఉంది, అది తెరచాపకు కాదు, తాడుకు. ప్రవాహంతో పాటు దిగేటప్పుడు నది మోస్తుంది. ఎదురు రావాలంటే ఒడ్డున మనుషులు ఆ గుంజకు కట్టిన తాడు భుజాన వేసుకుని లాగాలి. పొద్దున మిస్త్రాల్‌లో తొక్కి వచ్చినవాళ్ళం, ఆ గాలికి, ఆ ప్రవాహానికి ఎదురుగా 31 మీటర్ల పడవను లాగడం ఎంత బరువో కొంత ఊహకు అందింది. పడవవాళ్ళు వండుకుని తిన్న కుండలు, గిన్నెలు పక్కన అద్దాల పెట్టెలో ఉన్నాయి. నాకు అరీనా కంటే ఆ గిన్నెలే ఎక్కువసేపు కాళ్ళు కదలనివ్వలేదు. 2007లో ఇదే నదిలో దొరికిన, సీజర్‌ది అని చాలామంది నమ్మే పాలరాతి తల కూడా ఇక్కడే ఉంది. అది సీజరా కాదా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు. మ్యూజియానికి మంగళవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. ఊళ్ళోని కట్టడాలకు కలిపి ఒకే పాస్ దొరుకుతుంది, విడివిడిగా కొనడం దండగ. బార్బెగాల్ దగ్గర నీళ్ళ కుళాయి గానీ కొట్టు గానీ లేదు, రెండు సీసాలు నింపుకుని వెళ్ళండి. జూలై, ఆగస్టు ఎండల్లో మధ్యాహ్నం ఆ రాళ్ళ మధ్య నిలవలేరు. వాతావరణ సూచనలో గాలి వేగం తప్పక చూడండి, మిస్త్రాల్ గట్టిగా ఉందంటే దారిని తిప్పి, పొద్దున క్రో వైపు నుంచి వెళ్ళి మోంమజూర్ వైపు నుంచి రావడం మాత్రం చేయకండి, అలసిన కాళ్ళకు చివర్లో రద్దీ రోడ్డు, పక్కగాలి రెండూ మిగులుతాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఫోంవియెయ్ దాకా కారులో పోయి, అక్కడి నుంచి బార్బెగాల్‌కు మాత్రం సైకిల్ మీద వెళ్ళవచ్చు. ఒక పూట మాత్రమే చేతిలో ఉంటే అరీనాను బయటి నుంచి చూసి, బార్బెగాల్‌కూ పడవకూ టైం ఇవ్వండి.